విట్కమ్ పేరు పిలిచిన ఏడాది

మా జిల్లా చరిత్ర అంటూ ఈమధ్య ఒక లావుపాటి పుస్తకం అచ్చేశారు. ఊళ్ళో కాస్త పేరున్న ప్రతి మగాడికీ అందులో అరపేజీ ఇచ్చారు. మా ఓరిన్ అన్నయ్యకూ ఇచ్చారు. "ఓహాయో పదాతిదళంలో సార్జెంటుగా చేరి కెప్టెన్ అయ్యారు. చికమాగా యుద్ధంలో రెండు వేళ్ళు కోల్పోయారు. కొలంబస్‌లోని రాష్ట్ర శాసనసభకు నాలుగుసార్లు ఎన్నికయ్యారు. 1882లో వాషింగ్టన్ కాంగ్రెస్‌కు పోటీ చేసి ఓడిపోయారు." మనిషి బతుకంతా నాలుగు వాక్యాల్లో సర్దేశారు. మొదటి మూడింటితో నాకు పేచీ లేదు. నాలుగోదే కంట్లో నలుసులా ఉంది. ఆ ఏడాది ఏం జరిగిందో ఆ పుస్తకం రాసిన కుర్రాళ్ళకి తెలీదు. తెలిసినవాళ్ళలో మిగిలింది నేనూ, అన్నయ్యతో యుద్ధంలో ఉండి ఇప్పుడు పళ్ళన్నీ ఊడిపోయిన యోడరూను.

వదిన పోయాక అన్నయ్య ఇల్లు నేనే చూసేదాన్ని. అప్పటికి నాకు ముప్ఫై ఎనిమిది. నా పెళ్ళి మాట ఎత్తడం ఊరు మానేసి చాలాకాలమైంది. అన్నయ్య గెలిస్తే వాషింగ్టన్‌లో కాపురం పెట్టాలి, ఆ ఇంటికి పెద్దదిక్కు నేనే కావాలి. పైకి ఎవరితోనూ అనలేదు గానీ, ఆ వేసవి చివర్లో గిన్నెలు తోముతూ కూడా నేను వాషింగ్టన్ వీధుల్లోనే తిరిగాను.

అన్నయ్యని నిలబెట్టింది సిలస్ బింగమ్. మా ఊరి పత్రిక ఆయనదే, పార్టీ పెత్తనమూ ఆయనదే. రోజూ పొద్దున్నే చుట్ట నోట్లో పెట్టుకుని మా వంటింటి గుమ్మంలోంచే వచ్చేవాడు, ఎందుకంటే అటువైపు ఫలహారం దగ్గర.

"మీలీ, నీ అన్నకి రెండు వేళ్ళే పోవడం మన దురదృష్టం. మొత్తం చెయ్యి పోయుంటే ఈపాటికి గవర్నరయ్యేవాడు," అనేవాడు.

"మీకు నోరు పోయుంటే మేం ఇంకా సుఖపడేవాళ్ళం. కూర్చోండి, రొట్టె మాడుతోంది," అనేదాన్ని.

అన్నయ్య నవ్వేవాడు. మనిషి పొడుగ్గా, కాస్త వంగి ఉండేవాడు. సభల్లో గొంతు పెంచేవాడు కాదు. అందుకే జనం ముందుకు వంగి మరీ వినేవాళ్ళు. గుర్రబ్బండిలో పల్లెపల్లెకీ తిరిగి వచ్చి, బూట్లు విప్పకుండానే వరండాలో కూర్చుని నాకు అన్నీ చెప్పేవాడు. ఎవరి ఆవు ఈనింది, ఎవరు చెయ్యి కలపకుండా తప్పుకున్నారు, ఏ ముసలమ్మ ఓటు లేకపోయినా దీవించింది. ఇప్పటికీ సెప్టెంబరు ఎండ వరండాలో పడితే ఆ గొంతు వినిపించినట్టే ఉంటుంది నాకు.

ఆ ఏడాది ఇంకో విశేషం ఉంది. ఉత్తర దక్షిణ రాష్ట్రాల మధ్య జరిగిన యుద్ధంలో చనిపోయిన మా ఊరివాళ్ళ పేర్లతో కోర్టు ముందర రాతి స్తంభం నిలబెడుతున్నారు. పేర్లు రాసిచ్చే పని నాకప్పగించారు, నా అక్షరాలు గుండ్రంగా ఉంటాయని. అన్నయ్య దగ్గరున్న వాళ్ళ సైనిక కంపెనీ హాజరు పుస్తకం ముందేసుకుని రాస్తూంటే లవీనా విట్కమ్ వచ్చింది. ఇరవై ఏళ్ళ పిల్ల, బడిలో చిన్నవాళ్ళకి చదువు చెబుతుంది. గుమ్మం దగ్గరే నిలబడింది.

"మీలీ అత్తా, ఒక పేరు అడుగుదామని."

ఏ పేరో నాకు తెలుసు. ఊళ్ళో అందరికీ తెలుసు. వాళ్ళ నాన్న ఏసా విట్కమ్ పేరుకెదురుగా హాజరు పుస్తకంలో "పారిపోయెను" అని ఉంది. చికమాగా యుద్ధం జోరుగా సాగుతున్న మధ్యాహ్నం, పన్నెండు మందివీ నీళ్ళ సీసాలు తన మెడలో వేసుకుని, నీళ్ళ వంకతో వెనక్కి వెళ్ళి మళ్ళీ కనబడలేదని ఊరి మాట. ఏటేటా కంపెనీవాళ్ళు కలిసినప్పుడు ఎవడో ఒకడు గ్లాసెత్తి, "ఏసా నీళ్ళు తెచ్చేలోపు ఇది తాగండ్రా," అంటాడు. అందరూ నవ్వుతారు.

"రాతి మీద ఏం చెక్కాలో చెప్పేది సైన్యం పుస్తకం. నేను కాదు తల్లీ," అన్నాను.

"మా నాన్న పారిపోయే మనిషి కాదత్తా."

"నీకెలా తెలుసు? ఆయన వెళ్ళేటప్పటికి నువ్వు ఉయ్యాల్లో ఉన్నావు."

అలా అనకుండా ఉండాల్సింది. ఆ పిల్ల తల వంచుకుని వెళ్ళిపోయింది. రాత్రి భోజనాల దగ్గర అన్నయ్యతో చెప్పాను. ఊరికే ఊసుకి చెప్పాను. అన్నయ్య ఫోర్కు కింద పెట్టేసి, ఇంక తినలేదు.

కంపెనీవాళ్ళు కలిసేది సెప్టెంబరు ఇరవైన, చికమాగా రోజున. ఎన్నిక అక్టోబరు పదిన. కలయికకి ముందురోజు మా పెరట్లో ఆపిల్ గుజ్జు కాచాం. రెండొందల మందికి రొట్టెల్లోకి అదే కావాలి. పెద్ద రాగి బానలో ఆపిల్ ముక్కలూ రసమూ పోసి, పొద్దుట్నుంచి సాయంత్రం దాకా నిలువెత్తు తెడ్డుతో కలుపుతూనే ఉండాలి. ఒక్క నిమిషం ఆపితే అడుగంటుతుంది. తెడ్డు పట్టేది ఎప్పుడూ ఇద్దరు, ఒక ఆడ, ఒక మగ. తెడ్డు బాన అంచుకి తగిలితే అబ్బాయి అమ్మాయిని ముద్దుపెట్టుకోవచ్చు. కుర్రకారంతా ఆ రోజు చేతులు వణుకుతున్నట్టు నటించేవాళ్ళు. మధ్యాహ్నానికి వాళ్ళు అలిసి తిండికి పోయారు. తెడ్డు పట్టడానికి అన్నయ్యా నేనూ మిగిలాం.

పొగ మా ఇద్దరి మొహాల మీదకీ వస్తోంది. కాసేపు కలిపాక అన్నయ్య అన్నాడు, "మీలీ, ఏసా పారిపోలేదు."

"నీకెలా తెలుసు?"

"నేనే పంపాను గనక."

తెడ్డు ఆపబోయాను. "ఆపకు, మాడుతుంది," అన్నాడు. కలుపుతూనే చెప్పాడు. ఆ రోజు నీళ్ళు లేవు. మనుషుల నాలుకలు నల్లబడ్డాయి. వరస విడిచి ఎవరూ కదలకూడదని కల్నల్ ఆజ్ఞ. అయినా సార్జెంటుగా తను సీసాలన్నీ పోగుచేసి ఏసా మెడలో వేశాడు.

"వద్దన్నాడు మీలీ. 'ఇప్పుడు వెనక్కి పోతే ఏమనుకుంటారు సార్జెంట్,' అన్నాడు. నేనే భుజం మీద చెయ్యేసి తోశాను. ఆ సాయంత్రం కల్నల్ వచ్చి, ఈ మనిషిని ఎవరు వదిలారు అని అడిగాడు. నా చేతినుంచి రక్తం కారుతోంది. ఎవరూ వదల్లేదు సార్ అన్నాను. అంతే. మిగతాది గుమాస్తా రాసుకున్నాడు, నేను సంతకం పెట్టాను."

"తర్వాత చెప్పొచ్చుగా."

"శత్రువుల చెరలో ఉండుంటాడు, తిరిగొస్తాడు, అప్పుడు సర్దుకుంటుందిలే అనుకున్నాను. రాలేదు. ఈలోగా నన్ను కెప్టెన్ని చేశారు. ఆ తర్వాత శాసనసభ. ఏడాది గడిచేకొద్దీ చెప్పడం ఇంకా కష్టమైంది. రేపు పేర్లు పిలవాలి మీలీ. ఆ పేరు ఈసారి దాటవెయ్యలేను."

నేను చెడ్డదాన్ని కాను. ఆ సమయంలో నాకు తోచింది న్యాయమనే ఇప్పటికీ ఒక మనసు అంటుంది. "మూడు వారాలు ఆగు," అన్నాను. "ఇప్పుడు చెబితే ఓడిపోతావు. ఓడిపోయినవాడు ఏం చెయ్యగలడు? గెలిచి వాషింగ్టన్ వెళ్తే, ఏసా పేరు మీద మచ్చ తీసెయ్యమని నువ్వే బిల్లు పెట్టొచ్చు. కాంగ్రెస్ చట్టం చేసి తుడిస్తే ఇంకెవడూ నోరెత్తలేడు. పంతొమ్మిదేళ్ళు ఆగినదానికి మూడు వారాలు ఒక లెక్కా?"

అన్నయ్య తెడ్డు ఇంకో రెండు చుట్లు తిప్పాడు. "నువ్వన్నదీ నిజమే," అన్నాడు చివరికి.

ఆ సాయంత్రం గుజ్జు బాగా కుదిరింది. నేను పాట కూడా పాడుకున్నాను.

మర్నాడు కోర్టు పక్క మైదానంలో డేరా వేశారు. బాజాలు, నిమ్మరసం, బల్లల నిండా తిండి. బింగమ్ చుట్టుపక్కల జిల్లాల నుంచి కూడా జనాన్ని రప్పించాడు. భోజనాలయ్యాక పేర్లు పిలవడం మొదలైంది. మా దగ్గర అది ఒక పద్ధతిగా జరిగేది. కెప్టెన్ హాజరు పుస్తకం తెరిచి మొదటినుంచి ప్రతి పేరూ చదువుతాడు. బతికున్నవాడు "ఉన్నాను" అంటాడు. పోయినవాడి తరపున తల్లో, పెళ్ళామో, బిడ్డో లేచి ఎక్కడ పోయాడో చెబుతారు. ఆ వేళకి చంటిపిల్లలు కూడా ఏడవరు.

వెనక బెంచీ మీద ఎప్పట్లాగే హల్డా విట్కమ్ కూర్చుంది, ఏసా భార్య. పక్కన లవీనా. హల్డా ఏటేటా వచ్చేది. తన మొగుడి పేరు ఎవరూ పిలవరని తెలిసీ వచ్చి, చివరిదాకా కూర్చుని, మాట్లాడకుండా వెళ్ళిపోయేది. మమ్మల్ని సిగ్గుపడేలా చెయ్యడానికే వస్తుందని నేననుకునేదాన్ని.

అన్నయ్య పేర్లు చదువుతున్నాడు. మెల్లిగా, ఎప్పటి గొంతుతోనే. ఉన్నాను, ఉన్నాను. మర్‌ఫ్రీస్‌బరోలో పోయాడు. ఉన్నాను. జ్వరంతో పోయాడు. వాన్స్, లూథర్. ఉన్నాను. వాన్స్ తర్వాత పేరు దాటేసి యోడర్ అనాలి.

"విట్కమ్, ఏసా," అన్నాడు అన్నయ్య.

ఎవరూ పలకలేదు. ముందు వరసలో ఎవడో నవ్వబోయి ఆగిపోయాడు. గ్లాసెత్తే వేళ ఇంకా కాలేదు మరి.

"నీళ్ళకి వెళ్ళనన్నాడు. నేను పంపాను," అన్నాడు అన్నయ్య. "కల్నల్ అడిగితే పంపలేదని చెప్పాను. ఈ పుస్తకంలో ఉన్నది అబద్ధం. దానికింద సంతకం నాది." మళ్ళీ పుస్తకంలోకి చూసి, ఇంకోసారి చదివాడు, "విట్కమ్, ఏసా."

లవీనా లేచి నిలబడింది. "చికమాగాలో పోయారు."

"యోడర్, జేకబ్," అన్నాడు అన్నయ్య.

యోడర్ లేచాడు. కొబ్బరిపీచు గడ్డం, బండలాంటి మనిషి, అరచేత్తో మొహం తుడుచుకుంటున్నాడు. "ఉన్నాను," అని, కూర్చోకుండా అలాగే నిలబడి, "వాడి మెడలో నా సీసా కూడా ఉంది," అన్నాడు. "పంతొమ్మిదేళ్ళుగా వాణ్ణి దొంగ అంటున్నాను నేను."

నేను వెనక్కి తిరిగి చూసేసరికి హల్డా లేచి డేరా బయటికి నడుస్తోంది. కూతురు పిలిచినా ఆగలేదు.

బింగమ్ సాయంత్రం వచ్చాడు. ఈసారి వీధి గుమ్మంలోంచి వచ్చాడు, అప్పుడే నాకు అర్థమైంది.

"కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుందని తెలీదా నీకు?" అన్నాడు అన్నయ్యతో. "మూడు వారాలయ్యా. మూడు వారాలు నోరు మూసుకోలేకపోయావా?"

"మీలీ కూడా అదే అంది," అన్నాడు అన్నయ్య.

"మరి మీలీనే నిలబెట్టాల్సింది నేను."

"ఆడవాళ్ళకి ఓటే లేదు, సీటెక్కడిది? లోపలికి రండి, కాఫీ తాగి తిట్టండి," అన్నాను. నాకూ అన్నయ్యని తిట్టాలనే ఉంది. వాషింగ్టన్ నా కళ్ళముందే ఆవిరైపోయింది. నేను వద్దన్న పని, సరేనని చెప్పి మరీ చేశాడు. రెండురోజులు అన్నయ్యతో ముక్తసరిగా మాట్లాడాను.

అవతలి పార్టీవాళ్ళు కరపత్రాలు వేశారు. "సంతకంతో సైనికుణ్ణి చంపిన కెప్టెన్" అని. అన్నయ్య వాటిని చింపలేదు, కాదనలేదు. కొన్ని పల్లెల్లో పాత సైనికులు వీపు తిప్పి నిలబడ్డారు. యోడర్ మాత్రం ప్రతి సభకీ వచ్చి మొదటి వరసలో కూర్చునేవాడు, చప్పట్లు కొట్టకుండా. ఎందుకొస్తున్నావని అడిగితే, "ఈసారి ఏం చెబుతాడో విందామని," అనేవాడు.

అన్నయ్య రెండొందల పదకొండు ఓట్లతో ఓడిపోయాడు. వార్త తెలిసిన పొద్దున్న చన్నీళ్ళతో గడ్డం గీసుకుని, ఆదివారం కోటు వేసుకుని, "పద," అన్నాడు. రాత్రంతా కూర్చుని ప్రమాణపత్రం రాశాడట. గెలిచినాయన దగ్గరికే వెళ్ళి, ఏసా కోసం బిల్లు పెట్టమని అడుగుతాడట. ముందు ఆ కాగితం హల్డాకి చూపించాలి.

కలయిక రోజు నుంచీ హల్డా గడప దాటలేదు. చర్చికి కూడా రాలేదు. గర్వమని కొందరన్నారు, సంతోషం పట్టలేకనని కొందరన్నారు. రైలుపట్టాల అవతల చిన్న ఇల్లు వాళ్ళది. తలుపు లవీనా తీసింది. అన్నయ్య చేతులు రెండూ పట్టుకుంది. స్తంభం మీద వాళ్ళ నాన్న పేరు చెక్కడం అప్పటికే అయిపోయింది, రోజూ బడికి వెళ్తూ చూసుకుంటోందట.

హల్డా కిటికీ దగ్గర కుర్చీలో ఉంది. మమ్మల్ని కూర్చోమంది. అన్నయ్య కూర్చోలేదు. టోపీ చేత్తో పట్టుకుని నిలబడే ఉన్నాడు. కాగితం నేను చదివాను. ఏ రోజు, ఏ వేళ, ఎవరు ఎవర్ని ఎక్కడికి పంపారు, ఎవరు అబద్ధం చెప్పారు, అన్నీ ఉన్నాయి. చదవడం అయ్యాక హల్డా తల ఊపింది.

"బాగా రాశారు కెప్టెన్ గారూ."

"నన్ను క్షమించమని అడగను," అన్నాడు అన్నయ్య.

"నేను ఏటేటా ఎందుకొచ్చేదాన్నో తెలుసా మీకు?" అంది హల్డా. "పారిపోయినవాళ్ళు కొంతమంది తిరిగొచ్చారని విన్నాను. ఏళ్ళు గడిచాక, ఊరు మరిచిపోయాక, వెనకనుంచి వచ్చి నిలబడతారట. అందుకని వెనక బెంచీ. పారిపోయినవాడు ఎక్కడో అక్కడ బతికుంటాడు కదా. ఓరెగన్లో ఉన్నాడనుకునేదాన్ని. ఇంకో పెళ్ళాంతో, ఒళ్ళు చేసి. రోజూ తిట్టుకునేదాన్ని. తిట్టుకోవడానికి ఒక మనిషంటూ ఉండేవాడు. మొన్న డేరాలో మీరు ఆ మాట చెప్పగానే ఆయన పోయాడు."

లవీనా, "అమ్మా," అంది.

"నీకు మంచే జరిగింది. నీకు తండ్రి వచ్చాడు," అంది హల్డా. కూతురి వైపు చూడకుండానే అంది.

అన్నయ్యకి మాట తడబడింది. ఎన్ని వేదికల మీద చూశాను, ఎన్నడూ అలా తడబడలేదు. "అయితే చెప్పకుండా ఉండాల్సిందా నేను?"

"చెప్పాల్సిందే. ఆ ఏడాదే చెప్పాల్సింది." హల్డా గొంతులో కోపం లేదు. ఉంటే బాగుండేదనిపించింది నాకు. "మిల్లు నడిపే నేట్ ప్రూయిట్ నన్ను రెండుసార్లు పెళ్ళికి అడిగాడు. మంచివాడు. ఈల వేస్తూ నడిచేవాడు. చర్చి పెద్దలు కుదరదన్నారు. మొగుడు పారిపోయాడే గాని పోయినట్టు ఎవరూ చెప్పలేదు కదమ్మా, అన్నారు. నిజమే కదా, ఎవరూ చెప్పలేదు. వాడు మూడేళ్ళు ఆగి ఇంకోపిల్లని చేసుకున్నాడు. అయిదుగురు పిల్లలు ఇప్పుడు. అప్పుడు నాకు ఇరవై ఆరేళ్ళు కెప్టెన్ గారూ."

నాకు తల ఎత్తబుద్ధి కాలేదు. మూడు వారాలు ఒక లెక్కా అన్న నోరు నాదే. ఆ మాట ఆమె వినలేదు, అయినా ఆమె ఎదురుగా నా మొహం కాలిపోయింది.

హల్డా తనే లేచి, కాగితం మడిచి అన్నయ్య చేతికిచ్చింది. "తీసుకెళ్ళండి. ఆ పెద్దమనిషికి ఇవ్వండి. పిల్లకి అది ఉండాలి," అంది. గుమ్మం దాకా వచ్చి, మెట్టు జారుతుంది చూసుకోండి అని కూడా చెప్పింది.

బయట సన్నగా వాన మొదలైంది. పట్టాలు దాటాం, కోర్టు దాటాం. ఓడిపోయినాయన్ని చూద్దామని కొట్ల ముందరికి వచ్చిన జనమంతా చూస్తున్నారు. అన్నయ్య టోపీ తలమీద పెట్టుకోలేదు. చేత్తో పట్టుకుని, వానలో, ఇంటిదాకా అలాగే నడిచాడు. నేనూ పెట్టుకోమనలేదు.